నాలుగు రోజుల ఉపవాసం

కోరుట్లలో మా వైండింగ్ షాపు షట్టర్ మీద 'దేవుని కృప' అని పెద్ద అక్షరాలతో రాయించాను. ఎవరైనా "ఎట్లున్నవ్?" అంటే "దేవుని కృప" అంటాను. కృప అంటే ఏమిటో కూడా బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పగలను: అర్హత లేనివాళ్లకు దేవుడు ఉచితంగా ఇచ్చేది. అయితే అర్హత లేనివాళ్లంటే నా దృష్టిలో మిగతావాళ్లు. నేను కాదు. నలభై దాటాక గానీ ఆ పొరపాటు తెలిసిరాలేదు, అదీ బీడీలు చుట్టే ఒక అక్క వల్ల.

కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టడం నా పని. కథలాపూర్ వైపు నుంచి రైతులు బోరు మోటార్లు తెస్తారు. కాయిల్‌కు ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. చుట్లు తగ్గితే మోటారు మళ్లీ కాలుతుంది. లెక్క తప్పినవాళ్లను చూస్తే నాకు మంట. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ప్రార్థన కూడా ఇలాంటి పనేననుకున్నాను. ఇన్ని ఉపవాసాలు, ఇన్ని గంటలు మోకాళ్ల మీద, ఎక్కడా తగ్గకుండా చేస్తే దేవుడు పలికి తీరాలి.

పోయిన వానాకాలం మా అమ్మాయికి డెంగీ వచ్చింది. పదకొండేళ్ల పిల్ల. జగిత్యాల ఆసుపత్రిలో చేర్చాం. ఆ రోజే ఉపవాసం పట్టాను. నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. వరండాలో ఒక మూల చేరి ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. లోపల పిల్ల పక్కన నా భార్య, ఆ బీడీల అక్క వంతులేసుకొని ఉన్నారు. అక్కది మా చర్చి సంఘమే, మా వెనక వీధే. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. అంతకు ముందటి ఏడాది ఇదే జ్వరంతో ఆమె కూతురు చనిపోయింది. అయినా రోజూ కోరుట్ల నుంచి బస్సులో జావ పట్టుకొని వచ్చేది.

నాలుగో రోజు పిల్లకు రక్తం కావాలన్నారు. నాదీ పిల్లదీ ఒకటే గ్రూపు. ధైర్యంగా రక్తం తీసే గదికి వెళ్లి చెయ్యి చాపాను. అక్కడి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమన్న తిన్నవానే?"

"నాలుగు దినాలైంది. ఉపాసం."

"గిట్లుంటె నీకే ఎక్కియ్యాలె. పో, పోయి పండుకో."

అక్క నా వెనకే నిలబడి ఉంది. "నాది సుత గదే గ్రూపు, మా బిడ్డప్పుడు చూసిండ్రు," అని చీర చెంగు సర్దుకొని బల్ల మీద పడుకుంది. తన కూతురికి రక్తం ఇచ్చిన చోటే అది. అప్పుడు నేను దాని గురించి ఆలోచించను కూడా లేదు.

పిల్ల బతికింది. ఇంటికి వచ్చిన వారానికి కృతజ్ఞతా కూడిక పెట్టాం. వాకిట్లో షామియానా, బగారన్నం, కోడికూర. సంఘమంతా వచ్చింది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను. నాలుగు రోజులు ఉత్త మంచినీళ్ల మీద ఉన్నానని, పట్టు విడవలేదని, అందుకే దేవుడు నా బిడ్డను తిరిగి ఇచ్చాడని చెప్పాను. రక్తం మాట ఎత్తలేదు. అందరూ "స్తోత్రం" అన్నారు. నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

అందరూ తిని వెళ్లాక అక్క పెరట్లో బగారన్నం వండిన గంజు తోముతోంది. నేను నీళ్ల పైపు పట్టాను. తల ఎత్తకుండానే అడిగింది.

"తమ్మీ, నేను సుత ఉపాసమున్న. రక్తమిచ్చినంక ఐదు దినాలు. నీకన్న ఒక దినం ఎక్కువనే. మరి నా బిడ్డ ఎందుకు పోయింది? నాది ఏడ తక్కువైంది?"

ఎత్తిపొడుపు కాదు. లెక్క తెలిసినవాణ్ని అడిగినట్టు నిజంగానే అడిగింది. జవాబు లేనప్పుడు నాకు వచ్చేది కోపమే.

"ఉపాసం ఒక్కటుంటె అయితదా అక్కా? విశ్వాసం ఉండాలె," అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. ఆమె గంజు బోర్లించి, చేతులు కడుక్కొని, చెప్పులేసుకొని వెళ్లిపోయింది. తరవాతి ఆదివారం మందిరానికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

నా భార్యది సిరిసిల్ల. సాంచాల చప్పుడు మధ్య పెరిగింది. అక్కడ పవర్‌లూమ్‌లను అలాగే అంటారు. ఆ మోతలో వినబడాలని గట్టిగా మాట్లాడడం అలవాటైన మనిషి. ఆ రోజు మందిరం నుంచి వచ్చాక మెల్లగా మాట్లాడింది, అందుకే నాకు భయమేసింది.

"నీ ఉపాసంతోని నువ్వు రక్తం ఇయ్యనీకి సుత పనికిరాకుంట అయితివి. గామె ఇచ్చింది. అందరి ముంగట గామె మాట ఒక్కటన్న చెప్పినవా?"

చాప మీద నిద్రపోతున్న మా అమ్మాయి వైపు చూశాను. బుగ్గల్లోకి రంగు వచ్చింది. ఆ ఒంట్లో తిరుగుతున్నది నేను సంపాదించింది కాదు. నేను అడగనైనా లేదు. బిడ్డ పోయిన తల్లి, ఎవరూ చెప్పకుండానే, నా బిడ్డకు ఇచ్చింది. కృప అని ఇన్నేళ్లూ అప్పజెప్పిన మాట నా ఇంట్లోనే చాప మీద పడుకొని ఉంది. సిగ్గుతోనూ కృతజ్ఞతతోనూ ఒకేసారి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు కదా, ఆ మాటన్న పాపానికి ఆ రోజు ఉపవాసం పెట్టుకొని మరీ వెళ్లాను. ఆమె ఒళ్లో చాట పెట్టుకొని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది.

"తప్పైందక్కా."

"కూసో. ఏమన్న తిన్నవా?"

"ఇయ్యాల ఉపాసం. నిన్ను అన్న మాటకు."

కత్తెర పక్కన పెట్టి నన్ను చూసింది. "నువ్వు కడుపు మాడ్చుకుంటె నా కడుపుల మంట సల్లారుతదా? లే. కాళ్లు కడుక్కో."

పళ్లెంలో అన్నం పెట్టి పుంటికూర పప్పు వేసింది. చెయ్యి పెట్టలేకపోయాను.

"నీది తక్కువ కాలే అక్కా. నాది ఎక్కువ కాలే. నా బిడ్డ ఎందుకు బతికిందో, నీ బిడ్డ ఎందుకు పోయిందో నాకు తెల్వది."

తెలియదని నేను ఒకరితో అనడం అదే మొదలు. ఆమె మొహం తిప్పుకొని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తరవాత చెంగుతో కళ్లు తుడుచుకొని నా పళ్లెం చూసింది.

"తిను తమ్మీ, సల్లగైతది."

ఆ అన్నానికి తగిన పని నేనొక్కటీ చేయలేదు. అయినా తిన్నాను.

"మా బిడ్డకు సుత గీ పప్పంటె పానం," అని ఇంకో గంటె వేసింది.