సొంత భవనం అయ్యేదాకా

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను ఒక పురపాలక సంఘానికి పట్టణ ప్రణాళికాధికారిగా బదిలీ చేశారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటిలోనూ పనిచేశాను కాబట్టి ఇది ఏ ఊరి ముచ్చటో చెప్పను. చెప్పకపోతే ఎవరికి వారు పక్క ఊరి సంగతే అనుకొని హాయిగా చదువుకుంటారు. పట్టణ ప్రణాళికాధికారి అంటే పెద్ద హోదా అనుకునేరు. ఇళ్ల పటాలకు అనుమతులివ్వడం, రోడ్డు మీదికి వచ్చిన మెట్లను కొట్టేయించడం, కొట్టేయించినందుకు తిట్లు తినడం, ఇదీ ఉద్యోగం. పైన కమిషనర్ ఉంటారు, ఆ పైన కౌన్సిల్ ఉంటుంది, వాళ్లందరి పైన ఆ మెట్ల యజమాని బామ్మర్ది ఉంటాడు.

జిల్లా కేంద్రం కాగానే ఊరికి ఆఫీసులు వచ్చాయి గానీ వాటికి భవనాలు రాలేదు. అన్నీ కిరాయి ఇళ్లలోకి దిగాయి. వాటి వెంట ఉద్యోగులు, ఉద్యోగుల వెంట చిన్న వ్యాపారులు, కూలీలు వచ్చారు. నిన్నటిదాకా బర్రెలు కట్టేసిన కొట్టానికి సున్నం వేసి టూలెట్ బోర్డు తగిలించారు. ఇల్లు కిరాయికి ఇవ్వని కౌన్సిలర్ నాకైతే కనిపించలేదు. అందుకే ఏ కొత్త ఆఫీసు గురించి తీర్మానం చేసినా చివర ఒక వాక్యం తప్పకుండా పడేది: ‘సొంత భవనం అయ్యే వరకు కిరాయి భవనంలో నిర్వహించవలెను.’ ఆ వాక్యానికి బల్లలు చరిచినంత గట్టిగా మంచినీళ్ల పైపులైనుకు చరచడం నేనెన్నడూ చూడలేదు.

ఒక సోమవారం ప్రజావాణికి కొమురమ్మ అనే ఆమె వచ్చింది. వారానికోసారి జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం అది. ఆమెది బయ్యారం దిక్కు పల్లె. మెయిన్ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్మేది. భర్త మల్లయ్యకు కిడ్నీలు పాడై మంచాన పడ్డాడు. పల్లెలో ఉన్న ఇల్లు ఆయన మందులకే పోయింది. ఇక్కడ వాళ్లు ఉండేది కౌన్సిలర్ నర్సయ్య ఇంటి వెనక గదిలో.

“మా ఆయన ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నడు సారూ. పానం పోకముందే ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నడు ఓనరు. దవాఖానల పోయినా గిటు తేవద్దట. మరి ఆయన్ని నేను ఏడ పండవెట్టాలె?” అని అడిగింది. ఏడవలేదు. నల్లా కనెక్షన్ గురించి అడిగినట్టే అడిగింది.

మా దిక్కు పట్టణాల్లో ఈ ఆచారం ఉంది. కిరాయి ఇంట్లో చావు జరగనివ్వరు, బయట జరిగినా శవాన్ని గడప తొక్కనివ్వరు. చావు మంచి నక్షత్రంలో జరగకపోతే ఇల్లు ‘పాడు పెట్టాలి’, అంటే కొన్ని నెలలు తాళం వేసి వదిలెయ్యాలి. సొంత ఇల్లయితే ఎవరైనా ఓర్చుకుంటారు. కిరాయి ఇల్లు పాడు పెడితే కిరాయి పోతుంది కదా! అందుకని కిరాయిదారుల పీనుగలు రోడ్డు పక్కన టెంటు కింద ఉంటాయి, లేదా దవాఖాన నుంచి నేరుగా శ్మశానానికి పోతాయి. దినాలు చేసుకోవడానికి కూడా చోటుండదు. నేనూ జీవితమంతా కిరాయి ఇళ్లలోనే ఉన్నవాణ్ణి. ఆమె అడిగినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక అటెండర్ మీద చూపించాను.

మా కమిషనర్ వయసులో చిన్నావిడ, మాట తక్కువ. అర్జీ చదివి, కిరాయిదారుల అంతిమ కార్యక్రమాల కోసం ఒక హాలు కట్టేందుకు నోట్ పెట్టమన్నారు. నోట్ అంటే కింది అధికారి కారణాలు రాసి పైకి పంపే ప్రతిపాదన. అది కౌన్సిల్ ముందుకు పోవాలంటే అజెండాలో ఎక్కాలి. ఆ నెల అజెండాలో అప్పటికే ఉన్న హైవే అంశం కింద దీన్నీ ఎక్కించారు.

ఆ నెల సమావేశానికి కౌన్సిలర్లంతా వచ్చారు. మహిళా కౌన్సిలర్ల వెనక కుర్చీల్లో వాళ్ల భర్తలు కూర్చున్నారు. వాళ్లకు ఓటు లేదు గానీ, వాళ్లు గొంతు సవరించుకుంటే ముందు కుర్చీలో చెయ్యి లేచేది.

మొదట హైవే. మెయిన్ రోడ్డును వెడల్పు చేయాలా, ఊరి బయట బైపాస్ వేయాలా, మీ అభిప్రాయం తెలపండని రహదారుల శాఖ అడిగింది. నర్సయ్య లేచాడు. “హైవే మన ఊరికి రావాలె. గని మన మడిగెల మీదికెల్లి రావొద్దు” అన్నాడు. మెయిన్ రోడ్డు మీద మడిగెలు, అంటే దుకాణాల గదులు, ఉన్నవాళ్లంతా బల్లలు చరిచారు. బైపాసే ఖాయమైంది. నేను పటం పరిచి పెన్సిల్‌తో గీత గీశాను. “గది నా పత్తి చేను సారూ, జర గటు జరుపుండ్రి” అన్నాడొకాయన. జరిపాను. “అయ్యో, గక్కడ మా వియ్యంకుని ప్లాట్లున్నయ్” అన్నాడింకొకాయన. మళ్లీ జరిపాను. బైపాస్ ప్రతివాళ్ల భూమి పక్కనుంచి పోవాలి, ధర పెరగాలి, ఎవరి భూమిలోంచీ పోకూడదు. లబ్బరు అరిగిపోయి గీత పక్క మండలంలోకి పోయింది. అక్కడి రైతులు మా కౌన్సిల్‌కు ఓటర్లు కారు కాబట్టి ఏకగ్రీవంగా ఆమోదించారు.

తర్వాత హాలు. నేను నోట్ చదివాను. కొమురమ్మ పేరు చదవలేదు, ఇంటి ఓనరు పేరూ చదవలేదు. నర్సయ్యే అందరికన్నా ముందు లేచాడు. “మనిషన్నంక సావుంటది. కిరాయికి ఉన్నోడు మనిషి కాడా? నాకైతె కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్. హాలు కట్టాలె” అన్నాడు.  ఇంత మాట అంటున్నవాడు తన వెనక గది సంగతి నిజంగానే మర్చిపోయాడా, లేక మాకు తెలియదనుకున్నాడా, నాకు అర్థం కాలేదు.

అందరూ హాలు కావాలన్నారు. ఎక్కడ కట్టాలని కమిషనర్ అడగ్గానే నర్సయ్య కూర్చున్నాడు. ఒకరి వార్డులో జాగా లేదు. ఒకరి వార్డులో బడి ఉంది, పిల్లలు జడుసుకుంటారు. ఒకరి వార్డులో కొత్త వెంచర్ ఉంది, ప్లాట్లు కొనేవాళ్లు జడుసుకుంటారు. ఖాళీగా ఉన్న మున్సిపల్ జాగాలు నేను పటంలో ఒక్కొక్కటే చూపిస్తూ పోయాను, ప్రతిదానికీ ఒక అడ్డం చెప్పారు. చివరకు బైపాస్ భూసేకరణలో మిగిలే తుంపులో, అంటే రోడ్డుకు పోగా మిగిలిన చిన్న ముక్కలో, కడదామని అందరూ ఒప్పుకున్నారు. ఆ బైపాస్ పక్క మండలంలోకి పోయిందని గుర్తుచేశాను. “అయితె మంచిదే గద సారూ, దూరముంటది” అన్నారు.

అప్పటికే సమావేశం తర్వాతి భోజనాలకు వండుతున్న బిర్యానీ వాసన లోపలికి వచ్చింది. సగం మంది లేచారు. కమిషనర్ మాత్రం, “మరి అప్పటివరకు ఏం చేద్దాం?” అని అడిగారు. ఊరికే అడిగారో, తెలిసే అడిగారో ఇప్పటికీ చెప్పలేను.

“ఎప్పటి లెక్కనే రాయుండ్రి మేడం. సొంత భవనం అయ్యేదాంక కిరాయి భవనంల నడుపుండ్రి” అన్నాడు నర్సయ్య, చెప్పులు తొడుక్కుంటూ. ఆ మాట వినబడగానే తలుపు దాకా పోయినవాళ్లు కూడా వెనక్కి వచ్చి బల్లలు చరిచి పోయారు. ప్రతిపాదించినవారు నర్సయ్య అని గుమాస్తా రాసుకున్నాడు. చైర్మన్ సంతకం చేశారు. సంతకం పడిన తీర్మానాన్ని కౌన్సిల్ మళ్లీ కూర్చుంటే తప్ప ఎవరూ కొట్టేయలేరు.

వారం తిరగకముందే మల్లయ్య దవాఖానలో చనిపోయాడు. పొద్దున ఆఫీసు తెరిచేసరికి కొమురమ్మ తమ్ముడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. శవం ట్రాలీ ఆటోలో నర్సయ్య గేటు బయట ఉంది, లోపలికి రానివ్వడం లేదు, అక్క ఆటో పక్కనే నేల మీద కూర్చుంది అని చెప్పాడు. కమిషనర్ నన్ను పిలిచి, మనం కిరాయి కడుతున్న భవనాల్లో ఖాళీగా ఉన్నది ఏదని అడిగారు. ఒకే ఒక్కటి ఉంది. వార్డు ఆఫీసు కోసమని ఏడాది కింద తీసుకున్న ఒక ఇంటి ముందు హాలు. కరెంటు మీటరు లేదని మావాళ్లెవరూ అందులోకి పోలేదు, కిరాయి మాత్రం నెలనెలా పోతోంది. కాగితాల మీద ఓనరు నర్సయ్య బామ్మర్ది. ఇల్లు నర్సయ్యది. కొమురమ్మ ఉండే గది కూడా ఆ ఇంటి వెనకదే.

కమిషనర్ సొరుగులోంచి తాళంచెవి తీసి నా చేతికిచ్చారు. “తీర్మానాన్ని అమలు చేయండి” అన్నారు.

నేను పోయేసరికి నర్సయ్య గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. నేను వీధి వైపున్న ముందు హాలు తాళం తీస్తుంటే పరుగెత్తుకొచ్చాడు. “ఏంది సారూ గిది? ఎవలు చెయ్యమన్నరు?”

“కౌన్సిల్ చెయ్యమన్నది నర్సన్నా. ప్రతిపాదించింది మీరే.”

“గది ఆఫీసులకు సారూ! పీనుగలకా? రేపు ఇల్లు పాడు వెట్టాల్సొస్తె నా కిరాయి ఎవలిస్తరు?”

“మున్సిపాలిటీ ఇస్తది. ఏడాది సంది పాడు వెట్టుకునే ఇస్తున్నం కద!” అన్నాను. నా ఉద్యోగంలో ఒక ప్రజాప్రతినిధికి నేను ఎదురు చెప్పింది అదొక్కసారే. చెప్పాక సంతోషంగానే ఉండింది.

అప్పటికే చుట్టుపక్కల వాళ్లు గుమిగూడారు. ఎన్నికలు దూరంలో లేవు. నర్సయ్య అందరి మొఖాలూ ఒకసారి చూసి పక్కకు జరిగాడు. నెల నెలా కొమురమ్మ కిరాయి కట్టిన గదిలోకి మల్లయ్య పోలేకపోయాడు, మున్సిపాలిటీ కిరాయి కట్టిన హాల్లోకి మాత్రం పోయాడు. రెండింటికీ నడుమ ఒక్కటే గోడ. కొమురమ్మ ఆయన తల దగ్గర కూర్చొని అప్పుడు ఏడ్చింది. కడుపులో అన్ని రోజులుగా దాచుకున్నదంతా బయటికి వచ్చింది. వీధి వీధంతా విన్నది.

మధ్యాహ్నానికి నర్సయ్య పూలదండ తెచ్చి వేశాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో పడింది. కిరాయిదారు అంత్యక్రియలకు సొంత భవనమిచ్చి మానవత్వం చాటుకున్న కౌన్సిలర్ అని రాశారు. ఆ కటింగును ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాడని తర్వాత విన్నాను. దినాలు కూడా ఆ హాల్లోనే జరిగాయి. ఆ నెల కిరాయి కూడా ఆయనకు మామూలుగానే అందింది.

మరుసటి నెల కౌన్సిల్ కూర్చోగానే హాలు తీర్మానంలోని చివరి వాక్యాన్ని కొట్టేశారు. తాగునీటి పనులకు ఏళ్లు పట్టే మా దగ్గర, చర్చ లేకుండా అంత తొందరగా అయిన పని మరొకటి లేదు. కట్టాల్సిన హాలు మాత్రం కాగితం మీద అలాగే ఉంది, బైపాస్ తుంపులో.

ఇల్లు ఖాళీ చేసిన రోజున కొమురమ్మ ఆఫీసుకు వచ్చింది. హాలు ఎప్పుడవుతుందని అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను: ముందు బైపాస్ సర్వే కావాలి, తర్వాత భూసేకరణ, అందులో తుంపు మిగలాలి, అది మున్సిపాలిటీకి రావాలి, అప్పుడు టెండరు. ఆమె అంతా ఓపికగా విన్నది.

“అంటె అప్పటిదాంక మమ్ముల సావద్దంటున్నరు” అన్నది. తర్వాత, “కలెక్టరాఫీసు దిక్కు ఇంకో గది దొరికింది సారూ. ఇంట్ల బీమారోళ్లు ఎవలన్న ఉన్నరా అని ముందే అడిగిండ్రు. ఎవలు లేరని చెప్పిన” అని వెళ్లిపోయింది.

నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి బైపాస్ సర్వే పూర్తి కాలేదు. ఆ సంఘటన నాకు నేర్పింది ఇది: మా శాఖ జనాభాను లెక్కగట్టి ఇళ్లు, రోడ్లు గీస్తుంది, ఆ లెక్కలో కిరాయిదారు ఊపిరి ఉన్నంతవరకే పట్టణవాసి.