బ్యాండ్‌ని విడగొట్టింది ఎవరు?

షాపుకెళ్లి క్యాసెట్లు నింపించుకున్న బ్యాచ్ ఎవరైనా ఉన్నారా?

లాక్‌డౌన్‌లో వాకింగ్‌కి వెళ్తే, ఇక్కడ నేనుండే యాష్‌బోర్న్ ఊళ్లో ఒక ఇంటి ముందు ‘ఉచితం’ అని రాసిన అట్టపెట్టెలో చిన్నప్పుడు మా ఇంట్లో మోగిన ఒక ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్ క్యాసెట్ కనిపించింది. అదే ఆల్బమ్‌ని అప్పట్లో మా అన్నయ్య షాపులో నింపించుకున్న క్యాసెట్‌లో చివరి పాట సగంలో ఆగిపోయి, కుక్కర్ విజిల్ వినిపించేది.

"అక్కడే గొడవపడి బ్యాండ్ విడిపోయిందే" అనేవాడు.

"మరి కుక్కర్?"

"వాళ్లకి ఆకలెయ్యదా?"

అచ్చం మా అమ్మ కుక్కర్‌లాగే ఉందేంటని అప్పుడే నాకు అనుమానం. ఇప్పుడు నెట్‌లో చూస్తే, వాళ్లు తర్వాత ఇంకో ఆరు ఆల్బమ్‌లు చేశారు! అంటే అన్నయ్యే పాట చెరిపేసి కథ అల్లాడన్నమాట. వెంటనే ఫోన్ చేసి నిలదీశాను.

"పాట మోగుతుంటే టేప్‌రికార్డర్ మీద ఎర్ర రికార్డ్ బటన్ నొక్కింది నువ్వేనే" అన్నాడు అన్నయ్య. "తెలిస్తే ఏడుస్తావని బ్యాండ్‌ని విడగొట్టేశాను."