తల దించకుండా పద్దెనిమిది మడతలు

పూర్వం తినేవాళ్ళకూ వండేవాళ్ళకూ మధ్య ఒక గోడ ఉండేది. గోడ అవతల ఏ గరిటె ఏ గిన్నెలో పడుతోందో అడగాలని ఎవరికీ తోచేది కాదు. ఈ కాలంలో కలిగినవాళ్ళకు కొత్త ఆకలి ఒకటి పుట్టింది. తమ పళ్ళెంలోకి వచ్చేదాన్ని ఒక మనిషి తమ కళ్ళెదుట, చేతులతో, ఓపిగ్గా చేస్తూ ఉండగా చూడాలి. ఆ ఆకలి తీర్చడానికే ఆ హోటల్ వాళ్ళు హాలు నడుమ అద్దాల గది కట్టారు. బండి చక్రమంత పళ్ళెంలో నాలుగే నాలుగు ముక్కలు వడ్డించే చోటు అది. గాజు మూత బోర్లించి, దాని కింద పొగ నింపి తెచ్చి, బల్లమీద పెట్టాక మూత తీస్తారు. పొగ పోయేదాకా ఏం తినబోతున్నారో ఎవరికీ తెలియదు. ఆ అద్దాల గదిలో తొమ్మిదేళ్ళుగా నిలబడి పొట్లాలు మడుస్తున్న మనిషిని వంటింట్లో అందరూ మడతలక్క అంటారు.

మెనూ కార్డులో ఆ పొట్లానికి బారెడు పేరుంది. పిండి ఏ కొండ మీద పండిందో, లోపలి పుట్టగొడుగు ఏ చెట్టు కింద మొలిచిందో అంతా అందులోనే రాశారు. వంటింట్లో మాత్రం పొట్లం అంటే సరిపోతుంది. అరచేతిలో సగం పట్టేంత పల్చటి పిండి బిళ్ళ, నడుమ మాంసం ముద్ద, దానితోపాటు గడ్డకట్టించిన ఎముకల రసం. అంచుల్ని చుట్టూ మడతలు వేసుకుంటూ వచ్చి కొసన మెలిపెట్టాలి. ఆవిరి తగిలితే లోపలి రసం కరుగుతుంది. మడతలు పద్దెనిమిది ఉండాలి. ఒకటి తగ్గితే ఒక పక్క పల్చబడి ఆవిరికి నోరు తెరుస్తుంది, ఒకటి పెరిగితే కొస మందమై పచ్చిపిండి పంటికి తగులుతుంది.

దీనికి తోడు ఇంకో నియమం. మడిచే మనిషి తల దించకూడదు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళకు ఆమె ముఖం కనబడాలి, ముఖంలో ఒక చిన్న నవ్వు కనబడాలి. తల వంచుకుని చేస్తే అది కార్ఖానా, తల ఎత్తుకుని చేస్తే కళ అని యజమాని సిద్ధాంతం. ఆయన ఎన్నడూ పొట్లం మడిచినవాడు కాదు గనక సిద్ధాంతానికి ఏ ఆటంకమూ లేకపోయింది.

నిజానికి ఆమెకూ ఆటంకం లేకపోయింది. లోకంలో వేళ్ళతో లెక్కపెట్టేవాళ్ళ జాతి ఒకటుంది. పూలు కట్టేవాళ్ళు, పగ్గాలు పేనేవాళ్ళు, చాపలు అల్లేవాళ్ళు. వాళ్ళను మధ్యలో ఆపి ఎన్నయ్యాయని అడిగితే తెల్లమొహం వేస్తారు, అడక్కుండా వదిలేస్తే ఒక్కటీ తప్పరు. ఆమెదీ అదే తీరు. ఆరేళ్ళు వెనక గదిలో గిన్నెలు తోమిన మనిషిని ఒకనాడు ఆవిరి బాబాయ్ పిలిచి పిండి బిళ్ళ చేతిలో పెట్టాడు. ఆవిరి పొయ్యి దగ్గర జుట్టు నెరిసిన ఆయన అసలు పేరు వంటింట్లో ఎవరికీ తెలియదు. పది రోజులు తిరిగేసరికి ఆమె బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. పద్దెనిమిదో మడత రాగానే అవే ఆగిపోయేవి. ఆమె హాయిగా తల ఎత్తుకుని జనాన్ని చూసేది.

ఆ మూడు వేళ్ళే రెండేళ్ళ కిందట ఆమెను వదిలేశాయి. మొదట జాకెట్టు హుక్కులు వేళ్ళకు దొరక్కుండా పోయాయి. తరవాత దువ్వెన చేతిలోంచి జారి, కింద పడిన చప్పుడు వింటే తప్ప జారిన సంగతి తెలిసేది కాదు. డాక్టరు మణికట్టు తట్టి చూసి, నరం నలిగిపోయిందన్నాడు. ముందే వచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణని, ఇప్పుడు కోసినా స్పర్శ తిరిగొస్తుందని మాట ఇవ్వలేనని, ముందు ఆ మడిచే పని మానెయ్యమని చెప్పాడు. ఆమె బుద్ధిగా తల ఊపి, తిన్నగా వెళ్ళి అద్దాల గదిలో నిలబడింది.

మానితే మిగిలేదేమిటి? ఆమెకు ముందు ఆ గదిలో మడిచినాయనకు చెయ్యి వణకడం మొదలైతే పూలగుత్తి ఇచ్చి, ఫొటో తీసి పంపించేశారు. అద్దంలోంచి దిగినవాళ్ళను మళ్ళీ వెనక గదిలోకి తీసుకోరు, అది అక్కడి పద్ధతి. హోటల్ వెనక వీధిలో, బట్టలు ఉతికే యంత్రాల పైన ఉన్న ఒంటిగది కూడా ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. ఆ గదిలో ఆమెతోపాటు ఆమె తల్లి ఉంటుంది. తల్లికి రెండు కళ్ళూ పోయి ఏడేళ్ళు. ఆ గది తలుపు నుంచి కుళాయికి ఎన్ని అడుగులో, ఏ మెట్టు విరిగిందో ఆమె కాళ్ళకు తెలుసు. ఇంకో గదిలో పెడితే ఆమె మళ్ళీ గుడ్డిదవుతుంది.

ఆమె నోరు విప్పకుండానే సంగతి మొదట కనిపెట్టింది కూడా ఆ తల్లే. ఒక సెలవు రోజు మధ్యాహ్నం కూతురు పిండి కలుపుకుని, కళ్ళు మూసుకుని మడిచి, ఒకటి తల్లి చేతిలో పెట్టింది. తల్లి గోటి అంచుతో చుట్టూ తడుముకుంటూ వచ్చింది.

"ఎన్నున్నాయమ్మా?"

"పదహారు. అందులో ఒకటి అసలు మడతే కాదు."

"సరిగ్గా చూడవే."

"చూడ్డానికి నాకేమున్నాయే, కళ్ళున్నదానివి నువ్వు. ఏదీ, చెయ్యిటు తే."

కూతురు కుడిచెయ్యి ఇచ్చి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇప్పుడు ఏ వేలు గిల్లానో చెప్పు."

కూతురు ఒక క్షణం ఆలోచించింది. "చూపుడువేలు."

"నేనింకా గిల్లనేలేదే పిచ్చిదానా," అంది తల్లి.

కింద యంత్రాలు బట్టల్ని తిప్పుతూనే ఉన్నాయి.

ఆమెను ఆ రెండేళ్ళూ కాపాడింది అద్దం. సాయంత్రం హాల్లో దీపాలు తగ్గిస్తారు, అద్దాల గదిలో మాత్రం వెలుగు దంచేస్తుంది. ఒకరోజు జనాన్ని చూస్తున్నట్టు తల ఎత్తి నిలబడ్డ ఆమెకు ఎదురుగా, ఆ అద్దంలోనే, తన రెండు చేతులూ కనబడ్డాయి. కుడి ఎడమై, ఎడమ కుడై, ఇంకెవరి చేతులో అన్నట్టున్నాయి. వాటిని చూస్తూ లెక్కపెట్టడం నేర్చుకుంది. బల్లల దగ్గరివాళ్ళు ఆవిడ తమనే చూసి నవ్వుతోందనుకునేవారు. ఒకాయనైతే ఈవిడ కళ్ళలో ఏదో శాంతి ఉందని మేనేజరుతో చెప్పి మరీ వెళ్ళాడు. శాంతి కాదు నాయనా, పదకొండు, పన్నెండు, పదమూడు.

అద్దం గట్టెక్కించనివాటిని బాబాయ్ గట్టెక్కించేవాడు. ఆవిరి బుట్ట పొయ్యిమీద పెట్టే ముందు ఒక్కో పొట్లాన్నీ కళ్ళతో లెక్కపెట్టి, తప్పినవి పక్కన పెట్టి, ఎవరూ చూడకుండా తానే తినేసేవాడు.

"నీ పుణ్యమా అని పొట్ట పెరిగిపోతోంది తల్లీ. ఇంటిదగ్గర మీ పిన్ని అనుమానంగా చూస్తోంది, ఇంకెక్కడో భోజనం చేసి వస్తున్నానని."

"నిజం చెప్పు బాబాయ్, ఇవాళెన్ని?"

"మూడు. నీ దగ్గర అబద్ధమాడి ఏం బావుకుంటాను? నాలుగైతే నాలుగనే చెప్పేవాణ్ణి."

అలా ఎన్నాళ్ళు నడిచేదో. ఒక సోమవారం మేనేజరు వచ్చాడు. ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు, నువ్వు అంటాడు, చెడ్డవాడేమీ కాదు.

"అక్కా, నీకు మంచి కబురు. అద్దం తీసేస్తున్నాం."

ఆమె మడుస్తున్నదాన్ని బల్లమీద పెట్టేసింది. "ఎందుకు సార్?"

"అద్దం ఉంటే జంతుప్రదర్శనశాలలా ఉందిట, ఎవరో రాశారు. ఇక చుట్టూ బల్ల, బల్ల చుట్టూ కుర్చీలు. నీకూ వాళ్ళకూ మధ్య జానెడు దూరం. ఆవిరి పొయ్యి కూడా నీ పక్కకే తెస్తున్నాం. అందరూ నిన్నే చూస్తారు."

"అద్దం లేకపోతే దుమ్ము పడదా సార్? పోనీ ముందువైపు ఒక్క పలక ఉంచితే?"

"భలేదానివక్కా. జనం ముందు సిగ్గా ఇన్నేళ్ళ తరవాత?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

గడువు ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో ఆమె పడని పాట్లు లేవు. బాబాయ్ ఒక స్టీలు మూతను బూడిదతో తోమి తళతళలాడించి, ఆమె పక్కకు తెచ్చిన పొయ్యి వెనక వాలుగా నిలబెట్టి చూశాడు. చేతులు చక్కగా కనబడ్డాయి, కనబడ్డ నిమిషానికే ఆవిరి కమ్మి మూత తెల్లబోయింది. తుడిచాడు, మళ్ళీ కమ్మింది.

"ఈ ముసలి పొయ్యి ఇన్నేళ్ళూ నా ముఖాన ఊదింది చాలక, ఇప్పుడు నీ అద్దం మీద కూడా ఊదుతోంది," అన్నాడు. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇంట్లో తల్లి ఇంకో దారి చెప్పింది. "నాకు కళ్ళు పోయినప్పుడు మెట్లు లెక్కపెట్టడానికి ఊపిరి పట్టుకునేదాన్నే. మెట్టుకో ఊపిరి. వేళ్ళు చచ్చిపోతే పోయాయి, భుజం బతికే ఉందిగా. మడతకో ఊపిరి, ఊపిరికో కుదుపు."

మడిచింది. పదిహేను. మడిచింది. ఇరవై. తల్లి మంచం మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, వచ్చిందాన్ని వచ్చినట్టు తడిమి అంకె చెప్పేది. అదే పిండిని మళ్ళీ ముద్దచేసి, మళ్ళీ వత్తి, మళ్ళీ మడవడం. పిండి నల్లబడి సాగడం మానేసేదాకా. ఎనిమిదో రోజుకు పదింటిలో ఏడు కుదిరాయి.

"ఏడంటే మూడు పోయాయనేగా," అంది కూతురు.

"బాబాయ్ ఉన్నాడుగా తినడానికి."

"జనం ముందు ఎలా తింటాడమ్మా?"

తల్లి ఒళ్ళో పళ్ళెం తీసి పక్కన పెట్టింది. "ఊపిరి మరిచిపోకు," అని మాత్రం అంది.

మంగళవారం సాయంత్రం. అద్దం ఉన్న చోట ఇప్పుడు గాలి. ఎదురుగా మొదటి కుర్చీలో ముత్యాల దండ వేసుకున్న ఒక పెద్దావిడ, పక్కన ఆవిడ భర్త. కుడిపక్క ఆవిరి పొయ్యి, దాని ఇత్తడి అంచు దీపాల వెలుగులో మెరుస్తోంది. ఆమె తల ఎత్తింది, నవ్వింది, ఊపిరి తీసింది.

ఒకటి. రెండు. మూడు. భుజం తనకు తెలిసిన పని తాను చేసుకుపోతోంది. మొదటి పొట్లం బుట్టలో పడింది. బాబాయ్ దానివంక చూసి అలాగే ఉంచాడు. రెండోది, మూడోది. ఆయన పక్కన పెట్టడంలేదు. నాలుగు, ఐదు. ఆరోది పడింది, బుట్ట నిండింది, ఒక్కటీ వెనక్కి రాలేదు.

"చూడకుండా ఎలా చేస్తావమ్మా?" అని అడిగింది ముత్యాలావిడ.

"అలవాటండి."

"ఎన్ని మడతలుంటాయి?"

"పద్దెనిమిదండి."

జవాబు చెప్పడానికి ఆమె పని ఆపి, కుడిచెయ్యి పక్కకు ఆనించింది. తొమ్మిదేళ్ళూ అలా ఆనించిన చోట చల్లటి చెక్కబల్ల ఉండేది. పెద్దావిడ ముఖం మారింది. కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు విడివడ్డాయి. మెచ్చుకుంటోంది కాబోలనుకుని ఆమె ఇంకొంచెం నవ్వింది.

"చెయ్యి," అంది పెద్దావిడ. "అమ్మాయ్, నీ చెయ్యి."

ఆమెకు అర్థం కాలేదు. ఆ నవ్వు అలాగే ఉంది. ఏదో కాలుతున్న వాసన వస్తే పొయ్యిమీద బుట్ట మాడిందేమో అనుకుంది. బాబాయ్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టి లాగితే గానీ తల దించి చూసుకోలేదు. మూడు వేళ్ళ కొసలూ ఇత్తడి అంచుమీదే ఉన్నాయి. చర్మం కొంత అక్కడే ఉండిపోయింది.

వెనక గదిలో కుళాయి కింద చెయ్యి పెట్టించి, మందు రాసి, మేనేజరే స్వయంగా కట్టు కట్టాడు. కడుతూ కడుతూ వేళ్ళను అటూ ఇటూ తిప్పి ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో నొప్పి జాడ కనబడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఇవాళే సార్. హడావిడిలో చూసుకోలేదు. రేపటికి సర్దుకుంటుంది."

అతను చాలా మెత్తగా అన్నాడు. "మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. గది సంగతి... ఈ వారమంతా ఉండండి, ఎవరూ ఏమీ అనరు."

తొమ్మిదేళ్ళలో అతను ఆమెను మీరు అనడం అదే మొదలు. కాలిన చోట పుట్టని మంట ఆ మాటకు పుట్టింది.

"ఎడమచేత్తో చేస్తాను సార్. నెల రోజులివ్వండి. పోనీ గిన్నెలు తోముతాను, పాత పనే."

అతను కట్టు కొస చించి ముడివేశాడు. ఆమె వంక చూడకుండా మందు డబ్బా మూసేశాడు.

బుట్ట ఉడికి ముత్యాలావిడ ముందుకు వెళ్ళింది, మూతైనా తియ్యకుండా వెనక్కి వచ్చింది. ఆవిడ తినలేకపోయింది. బాబాయ్ దాన్ని తెచ్చి ఆమె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎన్ని తప్పాయి బాబాయ్?"

"ఒక్కటీ తప్పలేదు తల్లీ. ఆరింటికి ఆరూ పద్దెనిమిదే."

"నాకోసం చెబుతున్నావు."

"నీకోసం ఎప్పుడైనా చెప్పానా?"

రెండేళ్ళుగా లెక్క తప్పినవాటినే తిన్న మనిషి, ఈ ఆరింటిలో ఒక్కదాన్నీ నోట పెట్టుకోలేకపోయాడు. ఒకటి కాగితంలో చుట్టి ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

వీధిలో ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. విరిగిన మెట్టు దాటి ఆమె గదిలోకి వచ్చేసరికి తల్లి అడుగుల చప్పుడు విని లేచి కూర్చుంది. ఆమె కట్టు ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని, పొట్లాన్ని తల్లి అరచేతిలో ఉంచింది.

తల్లి గోరు చుట్టూ నడిచింది. పది దగ్గర ఆగలేదు, పదిహేను దగ్గర ఆగలేదు. కొసకు చేరేసరికి ఆ గుడ్డి ముఖం విచ్చుకుంది.

"పద్దెనిమిది. తూచినట్టున్నాయే. నేను చెప్పలా, ఊపిరి పట్టుకోమని?"

"చెప్పావు."

"ఇవాళ పడుకోగానే నిద్రపడుతుంది నాకు," అంది తల్లి. పొట్లాన్ని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టి, కూతురి చెయ్యి కోసం గాలిలో తడుముతూ అడిగింది. "అవునూ, ఇంకా పొద్దుండగానే వచ్చేశావేం?"