నలభై ఏడు దాటిన మా రాజేశం

నిన్న పొద్దున మా మరిది కొడుకు శ్రీను ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, నాయిన..." అని ఆగిపోయాడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏ రోడ్డు మీద?"

"రోడ్డు మీద కాదు పెద్దమ్మా. ఇంట్లనే. కుర్సీల కూసున్నడు."

మా మరిది రాజేశం ఇక లేడు.

రోజూలాగే నడిచి వచ్చాడట. నీళ్ళు తాగి, బూట్ల లేసులు విప్పుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఒక బూటు కాలికే ఉందట.

ముప్పై ఏళ్ళు నేను ఆ రోడ్డుకు భయపడ్డాను. కుర్చీకి ఒక్కనాడూ భయపడలేదు.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. మనవరాలు ఫోన్‌లో ఎక్కిస్తున్నది, మాటలు నావి. అతన్ని ఎరిగినవాళ్ళు ఇక్కడ సూరత్ పక్క భేస్తాన్‌లో, కిమ్‌లో, అక్కడ మన ఊరిలో ఉన్నారని చెప్పుకుంటున్నాను.

మా ఇంటి మగవాళ్ళది గుండె జబ్బు. మా మామ యాభై చూడలేదు. మా ఆయన నలభై ఏడుకే డ్యూటీలో, బట్ట నేసే సాంచాల మధ్యనే కూలిపోయాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. ఇక రాజేశం వంతు ఎప్పుడు?

నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకునే పిల్లవాడు. నా చేతి అన్నం తిని పెరిగాడు.

ప్లేగుకు భయపడి ఊళ్ళకు పోయినవాళ్ళమంతా సూరత్ తిరిగి వచ్చిన మరుసటి ఏడాది. అతనికి నలభై మూడు. నూలు చుట్టిన బీము భుజాన పెట్టుకుని కార్ఖానా మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. ఊపిరి అందలేదు.

డాక్టర్ రోజూ చెమట పట్టేదాకా నడవమన్నాడు. ఇతను కొన్నాళ్ళు నడిచి, అది చాలదని పరుగు మొదలుపెట్టాడు.

మొదటి రోజు లుంగీ ఎగగట్టి ఉరుకుతుంటే, కార్ఖానాలో మంట అంటుకుందనుకుని పక్క ఇళ్ళ ఇద్దరు వెనకాలే ఉరికారు. గేటు దాకా పోయాక సంగతి తెలిసి తిట్టిపోశారు.

"పన్నెండు గంటలు సాంచాల నడుమ తిరిగేది సాలదా రాజేశం? మళ్ళ రోడ్డు మీద గూడ డ్యూటీనా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గుండె బాగాలేని వంశంలో పుట్టినవాడు ఉరకవచ్చునా అని నా భయం.

ఒకనాడు అతని క్యాన్వాస్ బూట్లు తీసి బియ్యం డబ్బాలో దాచిపెట్టాను.

పొద్దున లేచి వెతికాడు. ఎవరినీ అడగలేదు. ఉత్త కాళ్ళతోనే పోయాడు. తిరిగి వచ్చేసరికి మడమలో గాజు పెంకు దిగి ఉంది.

పసుపు అద్దుతూ నేను ఏడుస్తున్నాను.

"బూట్లేవి వదినె?"

"బియ్యం డబ్బాల."

"రేపు వండుదామనుకున్నవా?"

నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. అప్పుడు మెల్లగా అన్నాడు.

"నాయిన ఉరుకలే, పోయిండు. అన్న ఉరుకలే, పోయిండు. నన్నొక్కన్ని ఉరుకనియ్యి వదినె."

లేచి బియ్యం డబ్బా మూత తీశాను. బూట్లు ఇచ్చేశాను. కానీ నా కళ్ళ ముందే, మా ఇళ్ళ వరస చుట్టూనే తిరగాలని ఒట్టు పెట్టించుకున్నాను.

నేను మెట్టు మీద కూర్చుని, ఒక్కో చుట్టుకు తెగిన నూలు పోగుకు ఒక్కో ముడి వేసేదాన్ని. మొదట్లో రెండు ముళ్ళు. తర్వాత్తర్వాత పోగు చాలేది కాదు.

ఒక చుట్టు ఆలస్యమైతే లేచి మలుపు దాకా పోయేదాన్ని. "ఏడ చచ్చినవురా?" అంటే, "కుక్కకు తొవ్వ ఇచ్చిన వదినె" అనేవాడు.

పొట్ట పోయింది. బీము ఎత్తుకుని ఆగకుండా మెట్లెక్కాడు.

తర్వాత నలభై ఏడు వచ్చింది. ఆ ఏడాది నాకు అన్నం సయించలేదు.

ఒక ఆదివారం పొద్దున, ఎక్కడో దూరాన జోల్వాలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటిదాకా ఉరుకుతానన్నాడు. తలుపుకు అడ్డం నిలబడ్డాను. నా భుజాలు పట్టుకుని పక్కకు జరిపి వెళ్ళిపోయాడు.

గంట గడిచాక ఇక ఇంట్లో ఉండలేక తువ్వాలు, గ్లూకోజ్ పట్టుకుని షటిల్ ఆటో రిక్షా ఎక్కాను. ఎక్కడ నలుగురు గుమిగూడినా రిక్షా ఆపించాను. తోటి ప్యాసింజర్లు తిట్టారు. దారి పొడుగునా ఒక్క దేవుణ్ణీ వదల్లేదు.

పోయేసరికి అతను గడప దగ్గర కూర్చుని రెండో ప్లేటు ఉప్మా తింటున్నాడు.

"వదినె, నిన్నటితోని అన్న బతికిన దినాలు దాటిన. ఇగ ఆయన కన్న నేనే పెద్దోన్ని. ఇయ్యాల్టి సంది నన్ను బావా అనాలె. కొంగు కప్పుకొని నిలవడాలె."

ఆడబిడ్డ పడీపడీ నవ్వింది. "పోరా" అని తువ్వాలు అతని మొహాన కొట్టాను.

ఆ తువ్వాలు మొహం మీద నుంచి చాలాసేపు తీయలేదు. భుజాలు కదులుతున్నాయి.

అన్నేళ్ళూ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. అతను భయంతోనే ఉరికాడని ఆనాడు తెలిసింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికాడు. కొడుకు పెళ్ళి చేశాడు, మనవలను ఎత్తుకున్నాడు. నేను కిమ్‌లో బిడ్డ ఇంటికి వచ్చాక ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. "నీ బావను మాట్లాడుతున్న."

"ఫోన్ పెట్టెయ్యి" అనేదాన్ని. బావా అని ఒక్కసారీ పిలవలేదు.

నిన్న భేస్తాన్ పోయాను. అతన్ని చాప మీద పడుకోబెట్టారు. రెండో బూటు కూడా విప్పేశారు.

అతని భార్య సుగుణ, "కూసో అక్కా, మోకాళ్ళు నొస్తయి" అన్నది.

నేను కొంగు తల మీదికి లాక్కుని నిలబడ్డాను. తీసుకుపోయేదాకా నిలబడే ఉన్నాను.

పోయి రా బావా. అక్కడ మీ అన్న, మీ నాయిన ఉంటారు. వాళ్ళకు ఉరకడం రాదు, జర మెల్లగా నడువు.

ఇక నీ చుట్లు ఎవరూ లెక్కపెట్టరు. నిమ్మళంగా ఉండు.