ఒక్క వరుసకు ఒక్క ప్రశ్న

ఇందుమూలముగా అమీర్‌పేట, పంజాగుట్ట వాసులకు తెలియజేయునది ఏమనగా, మెట్ల కింది నా జిరాక్స్ షాపు ఈ రోజు తెరవబడదు. ఆధార్ కార్డు రెండు వైపులా ఒకే కాగితం మీద కావలసినవారు రేపటిదాకా ఓపిక పట్టవలెను. కారణం, పై అంతస్తు కోచింగ్ సెంటర్లో జావా ప్రోగ్రామింగ్ చెప్పే మా సారు నిన్న ఆసుపత్రిలో పోయారు.

నేను ఇంటర్ దగ్గరే ఆగిపోయినవాణ్ణి. సారు నోట్సు కాపీలు తీసీ తీసీ ఆయన చదువులో ఒక్క ముక్క నాకూ అంటుకుంది. ప్రోగ్రాములో షరతును ఒకే వరుసలో రాసే పద్ధతి ఉంది: ముందు ప్రశ్న, ఔనంటే ఏమిటో, రెండు చుక్కలు పెట్టి కాదంటే ఏమిటో. పిల్లలు తెలివి చూపించడానికి ఒకదాని కడుపులో ఇంకొకటి దూర్చేవారు. సారు కోప్పడేవారు కాదు. "తెలుగులో పైకి చదవవయ్యా" అనేవారు. సగంలోనే రాసినవాడి నాలుక మడతపడేది.

"నువ్వే చదవలేనిది రాశావేంటి? రేపు దీన్ని బాగుచేసేవాడు నీకేమన్నా పగవాడా? విడగొట్టు."

ఈ మధ్య ప్రోగ్రాములు ఫోనే రాసిపెడుతోందని పిల్లలు రావడం తగ్గించారు. ఇక్కడ మొదటి క్లాసు ఉచితం, అది నచ్చితేనే చేరతారు. ఈసారి కుర్చీలు నిండకపోతే ఇక బ్యాచ్ ఉండదని సెంటరు ఓనరు సారుకి తేల్చి చెప్పాడు. నేను ఊరుకుంటానా? మధురానగర్ హాస్టల్లో వంటచేసే ఆయన్నీ, ఆయన దోస్తుల్నీ పట్టుకొచ్చి కూర్చోబెట్టాను.

"గీడ నాకేమొస్తదే అన్నా?" అన్నాడు వంటాయన.

"నిద్రొస్తది. కండ్లు తెరిచి పండుకో."

ఆయన పడుకోలేదు. ఏం పని చేస్తారో కనుక్కుని, సారు నేరుగా ఆయన్నే అడిగారు. "కూర దించేముందు ఏం చూస్తారండీ?"

"ఉప్పు సార్. తక్కువుంటే ఏస్త, లేకుంటే ఊకుంట."

"దానికి ఒక్క వరుస చాలు. కారం, పులుపు, ఉడుకు కూడా అదే వరుసలో అడిగితే?"

"గవన్ని ఒక్కపారే అడిగితే కూర మాడిపోతది సార్."

సారు ముఖం వెలిగిపోయింది. ఆ వేళ ఓనరు గుమ్మంలోంచి తొంగిచూసి, తలూపి వెళ్ళాడు. మెట్లు దిగుతూ సారు నా భుజం తట్టి, "ఎక్కడ దొరికారయ్యా నీకు వీళ్ళు" అని పకపకా నవ్వారు.

ఆ భుజం తట్టడం, ఆ నవ్వు నేను కల్పించినవి. నా నాటకం సారుకి తెలియనే లేదు. "రేపు కాస్త ముందే రండి" అని ఒక్కొక్కరికీ చెప్పి పంపారు. మరునాడు టీ తీసుకుని పైకెళితే, బోర్డు మీద పొడుగాటి వరుస ఒకటి రాసి ఉంది. ఖాళీ కుర్చీల వైపు తిరిగి సారు దాన్ని పైకి చదువుతూ, ఒక్కో ప్రశ్ననూ విడదీసి కింది వరుసలోకి దించుతున్నారు.