పాస్టరమ్మ గారు నిద్రపోతున్నారు

మా పాస్టరమ్మ గారు నిద్రపోతారు. అందరూ నిద్రపోతారు, అందులో వింతేముందని మీరడగొచ్చు. అందరూ పడుకుని నిద్రపోతారు, ఆవిడ కూర్చుని నిద్రపోతారు. అదీ ఎదురుగా ఎవరో ఒకరు మాట్లాడుతుంటేనే. వెన్ను నిటారుగా పెట్టి, కొంగు భుజం మీద సర్దుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని "ఊఁ, చెప్పండి" అంటారు. మీరు మొదలుపెడతారు. రెండో వాక్యానికల్లా ఆవిడ గురక మొదలవుతుంది.

ఆ గురక కూడా మామూలుది కాదు. మా తుళ్లూరు సెంటర్లో ఒక కారం మిల్లు ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది ముందు గుర్రుమంటుంది, కాసేపు దగ్గుతుంది, ఆ తర్వాత దారిలో పడి ఊరంతటికీ వినిపిస్తుంది. పాస్టరమ్మ గారిదీ అదే వరస.

ఆవిడ పేరు సంతోషకుమారి. భర్త జయరావు గారు పక్క వీధి చర్చిలో పాస్టరు. ప్రతి ఆదివారం ఆయన బైబిలు తెరవగానే ముందు వరసలో ఈవిడ కళ్లు మూస్తారు. రాజధాని ప్లాట్ల మీటింగులోనూ అంతే. కొత్తగా వచ్చిన కుర్రాఫీసరు తడబడుతూ నంబర్లు చదువుతుంటే, ఊరంతా ఊపిరి బిగబట్టి వింటుంటే, ఈవిడ మిల్లు ఆన్ చేశారు. జనమంతా అటు తిరిగారు. ఆఫీసరు చదవడం ఆపి "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అండీ" అని అడిగాడు. "మీరు కానివ్వండి బాబూ, బాగా చదువుతున్నారు" అన్నారట ఈవిడ, కళ్లు తెరవకుండానే.

ఇలాంటి మనిషి మా పిల్లలకు పాఠాలు చెప్పే దాకా ఎలా వచ్చారో చెప్పాలి. మేం కొన్ని కుటుంబాల వాళ్లం పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకుంటున్నాం. లెక్కలూ ఇంగ్లీషూ ఎవరింట్లో వాళ్లు చెప్పుకుంటారు. బొమ్మలు, పాటలు, మట్టిపని, నాటకం, కథలు మాత్రం మంగళ, శుక్రవారాల్లో అందరం కలిసి నేర్పుకుంటాం. ఎవరికి ఏది చేతనైతే వాళ్లు అది నేర్పాలి, అంతే నియమం. చోటు బాపయ్య గారిది. ఆయన మిరప రైతు. రాజధాని ఉద్యోగులకు అద్దెకిద్దామని పై అంతస్తు కట్టించాడు. ఉద్యోగులకంటే ముందు మా పిల్లలొచ్చి దిగారు.

వీటన్నిటికీ సమన్వయకర్తను నేను, చైతన్యకృష్ణని. అంటే చాపలు పరిచేదీ నేనే, చుట్టేదీ నేనే, మధ్యలో ఉపన్యాసం ఇచ్చేదీ నేనే. ఒకప్పుడు కాలేజీలో లెక్చరర్ని. నేను మాట్లాడితే జనం కదలకుండా వింటారని నాకో పేరుంది. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా ఆవిడ అంటుంది.

"నాకు కథలొచ్చు బాబూ" అన్నారు పాస్టరమ్మ గారు. సరే, కథల క్లాసు ఆవిడకిచ్చాం. మొదటి రోజు ఎలా సాగుతోందోనని తొంగి చూశాను. కథ చెబుతున్నది పిల్లలు, గురక పెడుతున్నది టీచరు. క్లాసయ్యాక ఆవిణ్ణి పక్కకు పిలిచాను.

"అమ్మగారూ, మీరు నిద్రపోయారు."

"లేదు బాబూ, కళ్లు మూసుకున్నాను. కథ చెవులతో కదా వింటాం?"

"మరి ఆ చప్పుడు?"

"ఊపిరి తీసుకోవద్దా?"

"అసలు కథ మీరు కదండీ చెప్పాలి, పిల్లలకి?"

"నేను చెప్తే వాళ్లు నిద్రపోతారు బాబూ. క్లాసులో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా."

కాలేజీలో ఎంతమంది నోళ్లు మూయించానో నాకే తెలీదు. ఆవిడ ముందు మాత్రం చాపలు చుట్టే పనిలో పడ్డాను.

పిల్లలకు ఆ క్లాసంటే ప్రాణం. ఆవిణ్ణి లేపడమే వాళ్లకు పోటీ. ఇషాక్ అని ఒక గడుగ్గాయి ఉన్నాడు, కథలో ఉరుము రావాలని స్టీలు పళ్లెం నేలకేసి కొట్టాడు. కింద బాపయ్య గారి గేదె తాడు తెంపుకుంది గానీ పాస్టరమ్మ గారు కదల్లేదు. కథ అయ్యాక మాత్రం కళ్లు తెరిచి "చాలా బాగుంది నాన్నా. ఇంతకీ ఆ కోతి చెప్పులు ఎవరికిచ్చింది?" అన్నారు. చెప్పుల సంగతి కథ మధ్యలో ఎక్కడో వచ్చింది, వాడే మర్చిపోయాడు. కొందరికి నిద్రలో కూడా చెవులు పనిచేస్తాయని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చి, ఆ విషయం మీద తల్లిదండ్రులకు చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

మా బెంగంతా బాపయ్య గారి మనవరాలు తేజశ్రీ గురించే. పదమూడేళ్ల పిల్ల. పాత బడిలో ఒకసారి అందరి ముందూ మాట్లాడుతూ మధ్యలో మర్చిపోతే బడి మొత్తం నవ్వింది. అప్పటినుంచి ఇంట్లో బాగానే మాట్లాడుతుంది గానీ, నలుగురిలో నిలబెడితే గొంతు పెగలదు. మా క్లాసుల్లోనూ మూల చూసుకుని కూర్చునేది. పిల్ల ఏడుస్తోందని బడి మాన్పించాడే గానీ, బాపయ్య గారికి మా చదువు మీద నమ్మకం లేదు. ఆ ఇంట్లో ఆయన మాటే మాట.

"మిరపలో తేజ రకానికి మించిన ఘాటు లేదని ఏరి కోరి పేరు పెట్టానయ్యా చైతన్యా," అన్నాడొక రోజు. "దీని నోట్లో మాటే లేదాయె. నోరు లేని పిల్ల రేపు లోకంలో ఎట్టా నెగ్గుకొచ్చిద్ది?"

"కొంచెం టైమివ్వండి బాబాయ్."

"ఇస్తా. మీ వార్షికోత్సవం దాకా ఇస్తా. ఆ రోజు మైకు ముందు నిలబడి ఓ కథ చెప్పాల. చెప్పిందా, ఇక్కడే ఉంటది. చెప్పలేదా, జూన్లో తీసుకెళ్లి మళ్లీ ఆ బళ్లోనే, హాస్టల్లో పడేస్తా. అక్కడైతే భయంతోనన్నా మాట్లాడిద్ది."

తలుపు చాటున నిలబడి తేజశ్రీ అంతా వింది. మళ్లీ ఆ బడే, మళ్లీ ఆ నవ్విన పిల్లలే. ఆ పూట అన్నం తినలేదని వాళ్లమ్మ చెప్పింది.

ఇక నేను నడుం కట్టాను. ఫోన్లో వీడియోలు చూసి సభాభయం పోగొట్టే సూత్రాలన్నీ నేర్చుకుని, పిల్లను రోజూ అద్దం ముందు నిలబెట్టి, ఎదురుగా కూర్చుని "నా కళ్లలోకి చూసి చెప్పు, ఊఁ, చెప్పు, భయం లేదు" అనేవాణ్ణి. ఆ పిల్ల నా కళ్లలోకి చూసేది, వణికేది. వారం తిరిగేసరికి ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించిందని కబురొచ్చింది.

ఆ మధ్యలోనే పిల్లల్ని వ్యానులో వాడరేవు తీసుకెళ్లాం. పొద్దున్నే లేచి అందరికీ పులిహోర కలిపి తెచ్చిన పాస్టరమ్మ గారు, చీరాల దాటకముందే నిద్రలోకి జారుకున్నారు. ఇక మిల్లు ఆడుతుందనుకుని చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీశాను. ఎంతసేపటికీ మిల్లు మొదలవదే. నోరు మూసుకుని బొమ్మలా ఉన్నారు, ఊపిరి చప్పుడు కూడా లేదు. నాకు గాభరా పుట్టి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆవిడ కళ్లు తెరిచి "ఏం బాబూ, సముద్రం వచ్చిందా?" అన్నారు. ఏమీ లేదండీ, ఈగ వాలిందన్నాను. సముద్రపు గాలికి ముక్కు తెరుచుకుని ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఒక శుక్రవారం చాపలు చుట్టడానికి మేడెక్కుతుంటే పైనుంచి ఎవరో ఆడపిల్ల కథ చెబుతున్న గొంతు వినబడింది. గొంతంటే గొంతా అది. గంట కొట్టినట్టుంది. ఎవరా అని చూస్తే గదిలో తేజశ్రీ, ఎదురుగా పాస్టరమ్మ గారు. మిల్లు ఆడుతోంది. పిల్ల చేతులు తిప్పుతూ, గంతులేస్తూ చెబుతోంది. నా నీడ గుమ్మంలో పడిందో లేదో, ఠక్కున నోరు మూసేసి మూలకెళ్లి కూర్చుంది.

నా గుండె తరుక్కుపోయింది. పాపం, ఇన్నాళ్లకు నోరు విప్పిన పిల్లకు దొరికింది నిద్రపోయే మనిషా? ఇలా చెబితే ఎవరికైనా ఉత్సాహం చచ్చిపోదూ? వార్షికోత్సవం రోజున మాత్రం దీని ఎదురుగా కళ్లింత చేసుకుని వినేవాళ్లనే కూర్చోబెట్టాలని నిశ్చయించుకున్నాను.

అలాగే చేశాను. మార్చి నెల, సాయంత్రం, బాపయ్య గారి వాకిట్లో షామియానా. ముందు వరసల్లో బాగా చురుకైన వాళ్లను ఏరి కూర్చోబెట్టి "పిల్ల వైపే చూడాలి, రెప్ప వాల్చకూడదు" అని చెప్పాను. పాస్టరమ్మ గారిని మాత్రం బతిమాలి అందరికంటే వెనక, మంచినీళ్ల క్యాన్ల పక్కన కుర్చీ వేశాను.

"అక్కడ గాలి బాగా తగులుతుంది అమ్మగారూ."

"అట్లాగే బాబూ. ఎక్కడైతే ఏముంది, చెవులు నాతోనే వస్తాయి కదా" అన్నారావిడ.

తేజశ్రీ స్టేజీ ఎక్కింది. మైకు ముందు నిలబడింది. నేను ఏరిన జనమంతా రెప్ప వాల్చకుండా చూశారు. పిల్ల పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చూసేవాళ్లు ఇంకా గట్టిగా చూశారు. పరికిణీ అంచు వేళ్లకు చుట్టుకుంటూ ఆ పిల్ల మెట్ల వైపు చూడటం మొదలుపెట్టింది. ముందు వరసలో బాపయ్య గారు తల దించుకున్నాడు. అయిపోయింది, జూన్లో హాస్టలే అనుకున్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు వెనకనుంచి మిల్లు గుర్రుమంది.

ముందు గుర్రుమంది, కాసేపు దగ్గింది, ఆ తర్వాత దారిలో పడింది. షామియానా కింద ఉన్న జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. నేను ఏరి కూర్చోబెట్టిన చురుకైన వాళ్లయితే అందరికంటే ముందు తిరిగారు. లేపండంటే లేపండని వెనక గుసగుసలు. నేను పళ్లు కొరుక్కుంటూ అటు పరిగెత్తబోయాను. అంతలో మైకులోంచి మాట వినబడింది.

"మా తాతకి దేనికీ భయం లేదు, మబ్బుకి తప్ప."

వెనక్కి తిరిగి చూశాను. స్టేజీ మీద తేజశ్రీ. ఒక్కరూ తన వైపు చూడటం లేదు. దూరంగా మిల్లు ఆడుతూనే ఉంది. పిల్ల చెప్పుకుపోతోంది.

"మిరపకాయలు కల్లంలో ఎండబోసి ఉన్నాయి. మబ్బు పట్టింది. తాత టార్పాలిన్ పట్టాలు కప్పాడు, చాల్లేదు. దుప్పట్లు తెచ్చాడు, చాల్లేదు. కిటికీల కర్టెన్లు పీకాడు, అవీ చాల్లేదు. ఎవరూ చూడకుండా నానమ్మ పెట్టె తెరిచి కొత్త పట్టుచీర తెచ్చి కప్పాడు. ఇంకో మూల మిగిలింది. ఇక ఏమీ దొరక్క, ఆ మూల మిరపకాయల మీద చొక్కా లేకుండా ఆయనే బోర్లా పడుకున్నాడు."

జనం ఒక్కొక్కరే ఇటు తిరిగారు. నవ్వులు మొదలయ్యాయి. తేజశ్రీ ఒక్క క్షణం ఆగింది. కానీ ఈ నవ్వులు తన మీద కాదు, తన కథ మీద. ఆ సంగతి ఆ పిల్లకూ తెలిసినట్టుంది, మైకును ఇంకా దగ్గరకు లాక్కుంది.

"వాన రాలేదు. మంట మాత్రం వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో మజ్జిగంతా తాత పొట్టకి పూయడానికే సరిపోయింది."

షామియానా ఊగిపోయింది. బాపయ్య గారు లేచి నిలబడ్డాడు. "ఒసే, చీర సంగతి మీ నానమ్మకి ఇప్పటిదాకా తెలవదే" అన్నాడు. పక్క కుర్చీలో భార్య సుబ్బరావమ్మ గారు మెల్లగా ఆయన వైపు తిరిగారు. ఆయన గబగబా నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా చైతన్యా, హాస్టలూ వద్దు ఏమీ వద్దు. దీన్ని అక్కడ పెడితే ఆ ఊళ్లో కూడా నా పరువు తీసిద్ది. ఇక్కడే ఉంచు" అన్నాడు. అంటూనే పైపంచతో కళ్లు తుడుచుకున్నాడు. నవ్వీ నవ్వీ నీళ్లొచ్చాయని అందరికీ చెప్పుకున్నాడు.

చివరి డాన్సు జరుగుతుండగా జయరావు గారు స్టేజీ వెనక కలిశారు. "అయ్యగారూ, ఇవాళ అమ్మగారి గురక మంచి పని చేసిందండీ" అన్నాను.

"గురకేమిటండీ, ఆవిడకు గురక లేదు. పెళ్లైన కొత్తలో నిద్రలో ఊపిరి ఉందో లేదోనని అద్దం పెట్టి చూసేవాణ్ణి."

"మరి చర్చిలో?"

"చర్చిలో పెడుతుంది. చర్చిలోనే పెడుతుంది" అని ఆయన ఆగిపోయారు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు వేళ్లు మడిచారు. "నా మొదటి ప్రసంగం రోజున నోరెండిపోయిందండీ. ఒక్క మాట రాలేదు. ఇంతలో ముందు వరసలో ఈవిడ గుర్రుమంది. జనమంతా అటు తిరిగారు. నాకు ఒళ్లు మండి, ఆ మంటలో ప్రసంగం మొత్తం చెప్పేశాను. అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఈవిణ్ణి ఎలాగైనా లేపాలని గొంతు పెంచి చెబుతున్నాను. అందుకే కదండీ నాకు మంచి ప్రసంగీకుడని పేరొచ్చింది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కోతి చెప్పులు, కుర్రాఫీసరు, వాడరేవు వ్యాను అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. అద్దం ముందు నిలబెట్టి ఆ పిల్లను వణికించిన నేనూ నిలబడ్డాను. "ఇన్నేళ్లూ కోప్పడ్డానండీ ఆవిడ మీద" అన్నారు జయరావు గారు. ఇంటికెళ్లి ఏమైనా అన్నారో లేదో నాకు తెలీదు. తర్వాతి ఆదివారం కూడా చర్చిలో మిల్లు ఆడిందని మాత్రం విన్నాను.

వందన సమర్పణ నాది. మైకు అందుకుని చూస్తే పాస్టరమ్మ గారు ముందు వరసలో ఉన్నారు. తేజశ్రీ చేయి పట్టుకుని తీసుకొచ్చి, తాత కుర్చీ ఖాళీ చేయించి మరీ కూర్చోబెట్టింది. ఆవిడ నన్ను చూసి చిన్నగా నవ్వి, కొంగు సర్దుకుని, కళ్లు మూసుకున్నారు. నాకు కూడా ధైర్యం ఇస్తోంది కదా ఈ మహాతల్లి అనుకుని, కాగితాలు తీసి, గురక కోసం చెవులు రిక్కించి మొదలుపెట్టాను.

మొదటి పేజీ అయింది. గురక లేదు. రెండో పేజీలో సగానికి వచ్చాను. గురక కాదు కదా, ఊపిరి చప్పుడు కూడా లేదు. నోరు మూసుకుని బొమ్మలా ఉన్నారు, అచ్చం వ్యానులో ఉన్నట్టే.

నిజంగానే నిద్రపోయారు.

మిగిలిన పేజీలు మడిచి జేబులో పెట్టుకుని "అందరికీ వందనాలు, బిర్యానీ చల్లారిపోతోంది" అని దిగిపోయాను. నా జీవితంలో అంత గట్టిగా చప్పట్లు ఎప్పుడూ పడలేదు. ఆ చప్పుడుకి పాస్టరమ్మ గారికి మెలకువ వచ్చింది.

"అప్పుడే అయిపోయిందా బాబూ?" అన్నారు.