మంచం కింద చేప పిల్లలు

నిన్న అరకులో బొంగు చికెన్ బండి వెనక, ఎవరో పారేసిన ప్లాస్టిక్ గ్లాసులో వాననీళ్లు కనిపించాయి. ఆ నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. వాటిని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

మా ఇల్లు రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండేది. టూరిస్టులు పారేసిన గ్లాసులు తెచ్చి పెరట్లో వరసగా పెట్టుకునేదాన్ని. వానలు పడ్డాక వాటిలో ఇలాంటి పురుగులే పుట్టాయి. చేప పిల్లలనుకుని రోజూ మెతుకులు వేశాను. మా మామ్మ ఒక్కతే నవ్వకుండా అడిగేది.

"ఏటే గుంటా, నీ సేపలు కూరకి ఎప్పుడొస్తాయి?"

ఒకరోజు ఆశా వర్కర్ వచ్చి గ్లాసులన్నీ బోర్లించింది. "జ్వరాలొస్తన్నాయి, నీళ్లు నిలవుంచకండి" అని అమ్మతో చెప్పింది. అప్పటికే ఒక గ్లాసు నేను మామ్మ మంచం కింద దాచేశాను. మామ్మ చూసి కూడా ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజులకు గ్లాసులో నీళ్లే మిగిలాయి. తర్వాతి వారం మామ్మకు జ్వరం పట్టుకుంది.

"నీ సేపలేటయ్యాయే?" అంది, పడుకునే.

"పెద్దవై గెడ్డ నీళ్లలోకి పోయాయి మామ్మా."

"పోన్లే, బతికాయి" అంది.

ఆసుపత్రి నుంచి మామ్మ తిరిగి రాలేదు.

పదో తరగతితో బడి మానేసినా, లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివాను. ఒక పుస్తకంలో దోమ పిల్లల బొమ్మ చూడగానే నా చేపల్ని గుర్తుపట్టాను. మామ్మను కుట్టింది వాటిలో ఒకటో కాదో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

నిన్న ఆ గ్లాసును పొడి నేల మీద బోర్లించాను. పురుగులు కదలడం ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.